క్రోమ్ వీల్స్‌కి తుప్పు పట్టిందా? ముందు ఇది చూడండి

నమస్కారం అండి. మాది శ్రీకాకుళం. నెలకి రెండుసార్లైనా కళింగపట్నం బీచ్‌కి వెళ్తాం. ఆ ఉప్పుగాలి మనకి హాయే గానీ, కారు చక్రాలకి కాదు. ఇదిగో, దగ్గరికి రండి... ఈ గోధుమ రంగు చుక్కలు. ఇవి స్టీల్ రిమ్ములు, పైన క్రోమ్ పూత. క్రోమ్ చాలా పల్చన, కింద నికెల్ ఉంటుంది. ఎక్కడైనా చిన్న బొక్క పడిందంటే చాలు, లోపల తుప్పు మొదలు.

హ్యాండ్‌బ్రేక్ వేశాం, వెనక చక్రానికి రాయి పెట్టాం. నట్లు కాస్త లూజ్ చేశాకే జాకీ ఎత్తాలి. ఇదంతా మీకు తెలిసిందే. చక్రం తీసేశా.

ఇప్పుడు సబ్బునీళ్లతో కడిగి, చపాతీలు చుట్టే ఫాయిల్‌ని ఉండ చేసి, నీళ్లలో తడిపి, ఇలా... మెల్లగా. చూశారా, పోతోంది. చింతపండు మాత్రం వద్దండి, ఇది ఇత్తడి చెంబు కాదు. ఆ పులుపు బొక్కల్లోకి దిగితే మళ్లీ తుప్పే. పూత పెచ్చులు లేచిందంటే ఫాయిల్ పని చేయదు, ప్లేటింగ్ మొత్తం తీయించి మళ్లీ వేయించాలి. లేదా రిమ్ము మార్చడమే.

ఇక అసలు సంగతి. పోయినసారి నేను బయట తళతళలాడించి సంబరపడ్డాను. తెల్లారితే టైరు మెత్తగా ఉంది. గాలి కొట్టించా, మర్నాడు మళ్లీ అంతే. పంచర్ షాపులో టైరుని తొట్టిలో ముంచితే ఒక్క మేకు లేదు! బుడగలు ఎక్కడొచ్చాయంటే, ఇదిగో ఇక్కడ, టైరు అంచు రిమ్ముకి ఆనుకునే చోట. ఇక్కడ తుప్పు గరుకుగా ఉంటే ట్యూబ్‌లెస్ టైరు సరిగా అతుక్కోదు, సందులోంచి గాలి పోతుంది. కాబట్టి టైరు విప్పించి, ఈ అంచు మొత్తం వైర్ బ్రష్, తర్వాత ఎమరీ పేపర్. కళ్లతో కాదు, వేలితో చూడండి. వేలికి ఎక్కడా గరుకు తగలకూడదు. నేను బ్రష్‌తో ఆపేసి రెండోసారి డబ్బులు వదిలించుకున్నాను. ఆపైన బీడ్ సీలర్, అంటే ఈ అంచు దగ్గర సందు మూసే జిగురు, రాయించి, గాలి కొట్టాక సబ్బునీళ్లు పోయండి. బుడగ రాలేదా, సరే.

బిగించేటప్పుడు వరసగా కాదు, ఎదురెదురు నట్లు. పానా మీద ఎక్కి తొక్కకండి, కారు పుస్తకంలో టార్క్, అంటే నట్టు ఎంత గట్టిగా బిగించాలో, ఉంటుంది. నాకైతే టార్క్ రెంచ్ కొన్నాకే ప్రాణం కుదుటపడింది. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చేయండి.

మిగిలిన మూడు చక్రాలు కెమెరా ముందు చేయను, నడుం పట్టేసింది.