బటన్ దాస్తే తాళం వేసినట్టేనా?

(నెల్లూరు స్టూడియోలో సాయంత్రం చర్చ. పాల్గొన్నవారు: ఒక సెక్యూరిటీ ఇంజనీరు, ఒంగోలు వైపు కాలేజీలో కంప్యూటర్లు చూసే అడ్మిన్, ఒక వకీలు.)

యాంకర్: నమస్కారం. ఒక సంస్థలో ఎవరు ఏ ఫైలు చూడాలి, ఎవరు ఏది మార్చాలి అని చూసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ అంటారు. అందులోనే లోపం ఉంటే పరిస్థితి ఏమిటి? మేడమ్, ముందు మీరు చెప్పండి.

ఇంజనీరు: ఒంగోలు పొగాకు వేలం కేంద్రం మనవాళ్లకు తెలిసిందే కదండీ. రైతు బేళ్లతో లోపలికి వస్తాడు. ఆయన ఎవరో అక్కడ అందరికీ తెలుసు. అంతమాత్రాన వేలం పాడలేడు. పాడాలంటే బోర్డులో నమోదైన వ్యాపారి అయ్యుండాలి. మీరెవరో తేల్చుకోవడం ఒక పని, మీకు ఏ హక్కుందో చూడటం ఇంకో పని. పాస్‌వర్డ్, ఓటీపీ మొదటి పనికి. అందరూ దాని గురించే టెన్షన్ పడతారు. రెండోదాన్ని యాక్సెస్ కంట్రోల్ అంటాం, తప్పులు ఎక్కువ దొర్లేది అక్కడే. వెబ్ అప్లికేషన్లకు ఉన్న పది పెద్ద ప్రమాదాల జాబితాలో, సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2017లో దీన్ని ఐదో స్థానంలో పెట్టింది. 2021కి అది మొదటి స్థానానికి వచ్చేసింది.

యాంకర్: సార్, మీ కాలేజీలో జరిగింది చెబుతానన్నారు.

అడ్మిన్: చెబుతానండి. కాలేజీ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు వద్దు, ఆ లోపాన్ని ఇప్పుడు సరిచేశారు. విద్యార్థులు, లెక్చరర్లు, ఆఫీసువాళ్లు, అందరి లాగిన్లూ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ అది. పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లల కోసం హెల్ప్‌డెస్క్‌లో ఒకమ్మాయిని పెట్టాం. ఆమెకిచ్చిన హక్కు ఒక్కటే, విద్యార్థుల పాస్‌వర్డ్ రీసెట్ చేయడం. స్క్రీన్ మీద ఆమెకు విద్యార్థుల పేర్లే కనపడతాయి. నా పేరూ ప్రిన్సిపాల్ గారి పేరూ ఉండవు. ఇంకేం భయం అనుకున్నాం.

ఇంజనీరు: కనపడకపోతే చాలనుకున్నారు.

అడ్మిన్: అవును మేడమ్. ఒకరోజు ఆ అమ్మాయే వచ్చి, "సార్, రీసెట్ నొక్కినప్పుడు బ్రౌజర్ పంపే రిక్వెస్టులో విద్యార్థి నంబరు ఉంటోంది. అక్కడ వేరే నంబరు పెడితే?" అంది. పక్కన కూర్చోబెట్టుకుని, పరీక్షల కోసం విడిగా ఉంచిన టెస్ట్ సర్వర్ మీద చూశాం. నా నంబరు పెట్టి పంపితే నా పాస్‌వర్డే మారిపోయింది! ఇక ఆ కొత్త పాస్‌వర్డ్‌తో నా లాగిన్‌లోకి రావడమే. మార్కులు, ఫీజులు, జీతాలు, అన్నీ తెరుచుకుంటాయి. నాకు చెమటలు పట్టాయి.

యాంకర్: సర్వర్ ఆపలేదా?

అడ్మిన్: హెల్ప్‌డెస్క్ ఉద్యోగి, రీసెట్ చేయొచ్చు. సర్వర్ అంతవరకే చూసింది. ఎవరి పాస్‌వర్డ్ మారుస్తోందో చూడలేదు.

ఇంజనీరు: స్క్రీన్ మన కంప్యూటర్లో ఉండేది. దాంతో పని లేకుండా సర్వర్‌కి నేరుగా రిక్వెస్టు పంపొచ్చు. అందుకే అడిగేది ఎవరు, ఏం పని, ఎవరి మీద అని సర్వరే ప్రతిసారీ చూసుకోవాలి. మామూలు అప్లికేషన్లో ఈ తప్పుంటే ఒక గది పోతుంది. ఇక్కడైతే తాళంచెవుల గుత్తే పోతుంది. ఒరాకిల్ కంపెనీ ఇదే పనికి తయారుచేసిన ఐడెంటిటీ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో 2025లో బయటపడిన లోపం ఇంకా ఘోరం. కొన్ని వెబ్ చిరునామాల చివర కొన్ని అక్షరాలు తగిలిస్తే, అది అందరికీ తెరిచి ఉంచిన పేజీ అనుకుని లాగిన్ అడక్కుండానే వదిలేసేది. తీవ్రత 10కి 9.8. అక్టోబర్‌లో ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చారు. నవంబర్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా దీన్ని దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాకెక్కించింది. ప్యాచ్ వచ్చింది కదా, సెలవుల్లో వేద్దాం అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుందండీ.

యాంకర్: వకీలు గారూ, చట్టం ఏమంటుంది?

వకీలు: దాడి జరిగిందని తెలిస్తే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి, 2022 ఏప్రిల్ ఆదేశాలవి. సరైన భద్రత పెట్టక వ్యక్తిగత డేటా బయటపడితే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా రాశారు. అది అలా ఉంచండి. సార్, ఆ అమ్మాయిని ఏం చేశారు?

అడ్మిన్: పైవాళ్లు కొందరు కోప్పడ్డారు. ఆమెకెందుకు ఈ పనులన్నీ, తీసేయండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. ఇప్పుడు నా టీమ్‌లోనే ఉంది.

వకీలు: మంచి పని చేశారు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలోకి వెళితే ఐటీ చట్టం 43వ సెక్షన్ వర్తిస్తుంది, మోసపు ఉద్దేశంతో చేస్తే 66 కూడా. ఆమె ముందు మిమ్మల్ని అడిగింది. మీ ఎదుటే, టెస్ట్ సర్వర్ మీదే చూసింది. చూస్తున్న పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా లోపం కనపడితే అక్కడే ఆగి, సంబంధించినవాళ్లకు రాతలో చెప్పండి.

అడ్మిన్: ఇంకో మాట. ఆ తర్వాత కూర్చుని హక్కులన్నీ తిరగేశాం. అకౌంట్స్ నుంచి లైబ్రరీకి మారినాయనకు ఫీజు మార్చే హక్కు అలాగే ఉంది. బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినవాళ్ల లాగిన్లు కూడా పనిచేస్తున్నాయి. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మాదే.

యాంకర్: కావలి నుంచి ఫోన్. చెప్పండి సార్.

ప్రేక్షకుడు: మాది కోచింగ్ సెంటరమ్మా. ఫీజుల సాఫ్ట్‌వేర్‌కి లాగిన్ ఒక్కటే, నలుగురికి ఇచ్చాం. మాలాంటి చిన్నవాళ్లకీ ఇదంతా అవసరమా?

ఇంజనీరు: అవసరమే సార్. ఎవరి లాగిన్ వాళ్లకుండాలి, లేకపోతే ఏది ఎవరు మార్చారో మీకే తెలియదు. ఫీజు తగ్గించే హక్కు మీ ఒక్కరికే ఉంచుకోండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను అడగండి, మిగతావాళ్లకు ఆ బటన్ దాచారా, సర్వర్‌లోనే ఆపారా అని. మీ ముందు చేసి చూపించమనండి.

ప్రేక్షకుడు: సరేనమ్మా. నలుగురన్నా గానీ ఒకబ్బాయి సంక్రాంతికే మానేశాడు.

ఇంజనీరు: పాస్‌వర్డ్ మార్చారా?

ప్రేక్షకుడు: లేదమ్మా.

ఇంజనీరు: అయితే ఫోన్ పెట్టేసి ముందు అది మార్చండి సార్.