విలన్ మీద జాలి ఎక్కడ పుట్టాలి? సింహాచలం నుంచి స్ట్రాథోల్మ్ దాకా

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాం, వార్‌క్రాఫ్ట్ 3, నియర్, షాడో ఆఫ్ ది కొలాసస్ అనే మూడు వీడియో గేమ్‌ల కథలు ఇవాళ మొత్తం విప్పేస్తాం. ఆడే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేసి, ఆడొచ్చి చూడండి.

వైజాగ్‌లో కూర్చుని విలన్ల గురించి మాట్లాడుతూ కొండ మీద స్వామిని వదిలేస్తే ఎలా? సింహాచలంలో ఉన్నది వరాహ నరసింహుడు. ఒకే మూర్తిలో రెండు అవతారాలు. ఒకటి హిరణ్యాక్షుణ్ని చంపింది, ఇంకోటి హిరణ్యకశిపుణ్ని చంపింది. ఇప్పుడు హిరణ్యకశిపుడి పక్కన నిలబడి చూడండి. తోడబుట్టినవాడు పోయాడు. ఇంట్లో తల్లి ఏడుస్తోంది. భాగవతంలో అతను తల్లిని ఓదారుస్తూ ఆత్మకి చావు లేదని వేదాంతం చెప్తాడు. విలన్ నోట వేదాంతం! పైగా జయవిజయుల శాపం మనకి మూడో స్కంధంలోనే తెలుసు. ప్రహ్లాదుడి కథ వచ్చేది ఏడో స్కంధంలో. అయినా కొడుకుని ఏనుగులతో తొక్కించేవాడు గెలవాలని ఎవరూ అనుకోరు. జాలి ఉంది, సమర్థన లేదు. రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి నిలబడ్డాయంటే, జాలి ముందే వచ్చింది కాబట్టి.

చాలా గేమ్‌లు తడబడేది సరిగ్గా ఇక్కడే. బాస్, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు, ప్రాణం చూపించే హెల్త్ బార్ పావు వంతుకి పడిపోయాక ఫ్లాష్‌బ్యాక్ వేస్తారు. చిన్నప్పుడు ఊరు తగలబడిందట. ఆ టైంలో ప్లేయర్ వేలు దెబ్బ తప్పించుకునే డాడ్జ్ బటన్ మీద ఉంటుంది, కళ్లు బాస్ కత్తి మీద ఉంటాయి. ఆ కట్‌సీన్, అంటే మధ్యలో వేసే కథ వీడియో, స్కిప్ అయిపోతుంది. తప్పు ప్లేయర్‌ది కాదు.

2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 ఇంకో దారి పట్టింది. విలన్ కాబోయేవాణ్ని మన చేతికే ఇచ్చింది. యువరాజు ఆర్థస్ స్ట్రాథోల్మ్ అనే ఊరు చేరేసరికే తెగులు పట్టిన ధాన్యం ఇళ్లలోకి వెళ్లిపోయింది. తిన్నవాళ్లు జాంబీలవుతారు. ఊరిని నరికేయాలంటాడు ఆర్థస్. గురువు ఊథర్ ఒప్పుకోడు, తోడొచ్చిన మంత్రగత్తె జైనా వెళ్లిపోతుంది. మిగిలింది మీరు. తెర మీద లెక్క మొదలవుతుంది: మాల్‌గానిస్ అనే రాక్షసుడు 100 మందిని తీసుకుపోయేలోపు మీరు 100 మందిని చంపాలి. కాదనడానికి బటన్ లేదు.

ఆ లెక్క చేసే పని చూడండి. మొదటి ఇల్లు కూల్చేటప్పుడు చెయ్యి ఆడదు. కాసేపటికి మాల్‌గానిస్ ముందుకెళ్తున్నాడని కనిపిస్తుంది. ఇక మీరు ఆలోచించేది జనం గురించి కాదు, ఏ వీధిలో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని. ఆర్థస్ బుర్ర అంటే ఏంటో డైలాగ్ లేకుండానే మీకు ఎక్కేసింది. తర్వాత నార్త్‌రెండ్ అనే మంచు ఖండంలో తన ఓడల్ని తనే కిరాయి సైనికులతో తగలబెట్టించి, నేరం వాళ్ల మీదే తోసేస్తాడు. అక్కడ మనకి ఒళ్లు జలదరిస్తుంది. కానీ అప్పటికే మనం అతని వెనకాల చాలా దూరం వచ్చేశాం.

2010లో వచ్చిన నియర్‌ది ఇంకా మొండి పద్ధతి. మొదటిసారి ఆడితే మనం కొట్టే శత్రువులు షేడ్స్ అంటే నల్లటి ఆకారాలు, అర్థం కాని అరుపులు. రెండోసారి కథ సగం నుంచి మొదలవుతుంది, ఆ అరుపులకి సబ్‌టైటిల్స్ వస్తాయి. ఇనప తుక్కు గుట్టలో కొట్టిన రోబో బాస్ గుర్తుందా? దాని మీద ఉన్నది కలీల్ అనే చిన్న షేడ్. తల్లి పోయింది. బయటి ప్రపంచం చూద్దామని ఆ రోబోతో జత కట్టింది. దెబ్బలు అవే, గెలుపూ అదే. మాటలు తెలిశాయి, అంతే. అదే పోరాటం ఈసారి మింగుడుపడదు.

మీరే గేమ్ కథ రాస్తుంటే ఒక పరీక్ష పెట్టుకోండి. విలన్ గెలిచాడనుకోండి, మర్నాడు పొద్దున్న లేచి ఏం చేస్తాడు? జవాబు రాయలేకపోతే మీ దగ్గరున్నది గతం మాత్రమే, మనిషి లేడు. తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొత్తం తీసేసి చదవండి. అతను ఇవాళ చేసే పనులు అలాగే ఉంటే, ఆ బాధ అతికించిన స్టిక్కర్. పోరాటం మధ్యలో నాలుగైదు మాటలు మించి పెట్టొద్దు, మిగతాది విలన్ గుమ్మం దాకా ప్లేయర్ నడిచే దారిలో చెప్పండి. ఇంకో జబ్బు ఉంది. జాలి ఎక్కువైపోయిందని భయపడి, చివర్లో విలన్ చేత అకారణంగా ఓ పిల్లాణ్ని చంపించడం. అప్పటిదాకా కట్టిందంతా అక్కడే కూలిపోతుంది.

చంపిన వెంటనే వినిపించే చప్పుడు కూడా కథే. బాస్ కూలగానే బాజాలు, ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), నాణేల గలగల పెడితే జాలికి చోటుండదు. 2005 నాటి షాడో ఆఫ్ ది కొలాసస్‌లో 16 మహాకాయాలు. ఒక్కోటి పడిపోతుంటే విషాద సంగీతం వస్తుంది, దాని ఒంట్లోంచి నల్లటి తీగలొచ్చి హీరో వాండర్‌కి గుచ్చుకుంటాయి. అలా ఒకదాని తర్వాత ఒకటి కూలేకొద్దీ వాండర్ మొహం పాలిపోతుంది, జుట్టు నల్లబడుతుంది. దాని గురించి గేమ్‌లో ఎవరూ నోరెత్తరు.