రేడియేషన్ తప్పదా?

అందరికీ నమస్కారం. తొలి దశ హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్, ఉన్న కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్ననే ఈ ప్రసంగానికి పేరుగా పెట్టాను.

మొదటి, రెండో దశల్లో దొరికితే ఎక్కువ మందికి ఈ జబ్బు నయమవుతుంది. అసలు చిక్కు అక్కడే మొదలు. ఇరవై ఏళ్లకు నయమైన మనిషి ముందు ఇంకా యాభై, అరవై ఏళ్లున్నాయి. చికిత్స మిగిల్చినవి ఆ ఏళ్లలో బయటపడతాయి.

1960ల్లో మెడ, చంకలు, ఛాతీ మొత్తానికి 40 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా రేడియేషన్ ఇచ్చేవారు. జబ్బు పోయింది. కానీ పది, ఇరవై ఏళ్లకు కొందరిలో గుండె జబ్బులు, రొమ్ము క్యాన్సర్, థైరాయిడ్ సమస్యలు వచ్చాయి. ఇప్పుడు ఇచ్చేది 20 నుంచి 30 గ్రే, అదీ జబ్బున్న చోటికే. పాత కథలు విని హడలిపోయి వచ్చేవాళ్లకు ముందు ఈ తేడా చెబుతాను.

మరి పూర్తిగా మానేస్తే? జర్మనీ వైద్యులు హెచ్‌డీ16 అనే అధ్యయనంలో దీన్నే చూశారు. తీవ్రత తక్కువ ఉన్నవాళ్లకు రెండు విడతల ఏబీవీడీ కీమో (నాలుగు మందుల కలయిక) ఇచ్చి, పెట్ స్కాన్‌లో చురుకైన జబ్బేమీ మిగలనివారిలో రేడియేషన్ తీసుకున్నవారిని, తీసుకోనివారిని పోల్చారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు రేడియేషన్‌తో సుమారు 93 శాతం, అది లేకుండా 86 శాతం. ప్రాణాలు దక్కడంలో మాత్రం తేడా కనబడలేదు. తిరగబెట్టినవారికి మళ్లీ చికిత్స ఉంది, కానీ అది చాలాసార్లు భారీ కీమో, సొంత మూలకణాల మార్పిడి. అంటే మానేయడం కూడా ఊరికే రాదు. కీమో మందుల్లోనూ గుండెను, ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టేవి ఉన్నాయి, ఆ మాట మర్చిపోతుంటాం.

నేనైతే జబ్బు ఎక్కడుందో చూస్తాను. మెడ పైభాగంలో మాత్రమే ఉంటే రేడియేషన్ ఇవ్వడానికి పెద్దగా వెనకాడను. ఛాతీ మధ్యలో ఉన్న పంతొమ్మిదేళ్ల అమ్మాయి విషయంలో రెండుసార్లు ఆలోచిస్తాను, ఎదిగే వయసులో రొమ్ముకు తగిలే కిరణాల ప్రభావం ఎక్కువ కాబట్టి. రోగిని ఊపిరి పీల్చి బిగబట్టమని చికిత్స చేస్తే గుండెకు తగిలే మోతాదు తగ్గుతుంది. 'నా గుండెకు, రొమ్ముకు ఎంత మోతాదు పడుతుంది?' అని మీ డాక్టర్ని నిలదీయండి, ఏం మొహమాటం అక్కర్లేదు. సిగరెట్ తాగేవాళ్లు మానేయాలి. ఛాతీ రేడియేషన్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

ఒకవేళ తీసుకున్నారనుకోండి, ఎక్కడికి, ఎన్ని గ్రే ఇచ్చారో రాసిన కాగితం దాచుకోండి. పదేళ్ల తర్వాత మిమ్మల్ని చూసే డాక్టరు మొదట అడిగేది అదే.