మూత్రంలోంచి ఎరువు: ఒక్క ఎంజైమ్‌తో పేచీ

అందరికీ నమస్కారం.

మూత్రం నుంచి ఎరువు అనగానే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత చెయ్యి ముక్కు మీదికి పోతుంది. ఆ రెండూ అయిపోయాయనుకుని లెక్కలోకి వెళ్దాం. ఊరి మురుగునీటిలో మూత్రం పరిమాణం ఒక శాతం ఉంటుంది. ఆ మురుగులోని నత్రజనిలో దాదాపు 80 శాతం, భాస్వరంలో సగం దాకా మాత్రం మూత్రానివే. ఒక మనిషి ఏడాదికి పోసేది సుమారు 500 లీటర్లు.

తాజా మూత్రంలో నత్రజని ఎక్కువగా యూరియా రూపంలోనే ఉంటుంది. రైతు బస్తాల్లో కొనేదీ అదే పదార్థం. పైపుల్లో, తొట్టెల్లో చేరిన బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని అమ్మోనియాగా విడగొడతాయి. పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 6 నుంచి 9కి ఎక్కుతుంది. మూత్రశాలల ఘాటు వాసన అదే. ఈ ఎంజైమ్‌ను పనిచెయ్యనివ్వాలా, ఆపాలా? ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

పనిచెయ్యనిచ్చే పద్ధతి స్ట్రువైట్, అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి పలుకులుగా దిగే ఎరువు. కాఠ్మాండూ లోయలోని సిద్ధిపూర్‌లో స్విట్జర్లాండ్ పరిశోధన సంస్థ ఇయావాగ్ చేత్తో తిప్పే రియాక్టర్‌తో దీన్ని చేసి చూపింది. గరాటులాంటి అడుగున్న తొట్టె, కలపడానికి పిడి ఉన్న రెక్క, కింద వాల్వ్, దానికి కట్టిన గుడ్డ సంచి. సరంజామా అంతే. నిల్వ ఉంచి పీహెచ్ 9 దాటిన మూత్రం 50 లీటర్లు పోయండి. లీటరుకు 250 మిల్లీగ్రాముల భాస్వరం ఉందనుకుంటే, 110 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కావాలి. పైరు మీద పిచికారీ చేసే ఆ తెల్ల పలుకులే. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదునీళ్లలోనూ మెగ్నీషియం దండిగా ఉంటుంది. పది నిమిషాలు కలిపి సంచిలోకి వదిలితే 90 గ్రాముల దాకా తెల్లపొడి దిగుతుంది.

తాజా మూత్రం పోస్తే పీహెచ్ చాలక ఏమీ దిగదు. కలపడం సరిగా లేకపోతే పలుకులు సన్నగా ఉండి గుడ్డలోంచి జారిపోతాయి. పొడిని 50 డిగ్రీలు దాటించి ఆరబెట్టారో, అందులోని అమ్మోనియా గాలికి పోతుంది. నులిపురుగుల గుడ్లు కూడా ఆ ముద్దలోనే చిక్కుకుంటాయి కాబట్టి పూర్తిగా ఆరనిదే చేత్తో ముట్టుకోవద్దు.

అసలు తలనొప్పి రియాక్టర్ కంటే ముందే, పైపులో ఉంది. ఇదే స్ట్రువైట్, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి పైపు వంపుల్లో రాయిలా గడుతుంది. గట్టినీళ్లతో కడిగితే అది ఇంకా పెరుగుతుంది. పైపు వెడల్పుగా, పొట్టిగా, వాలుగా వెయ్యండి. ఇనుము, రాగి వాడొద్దు, మూత్రం వాటిని తినేస్తుంది. తొట్టెలో పైపు చివర అడుగుదాకా దిగాలి. పైనుంచి ధారగా పడితే ప్రతి చుక్కా అమ్మోనియాను గాలికి వదులుతుంది.

స్ట్రువైట్‌ను పొగిడేవాళ్లు సాధారణంగా చెప్పనిది ఒకటుంది. ఆ 50 లీటర్లలో నత్రజని 250 గ్రాములుంటే, పొడిలోకి వచ్చేది 6 గ్రాములు కూడా కాదు. పొటాషియం కూడా దాదాపు మొత్తం నీళ్లలోనే మిగులుతుంది. ఆ నీళ్లు కాలవలోకి వదిలితే చేసింది సగం పని కూడా కాదు. మనుషులు మింగిన మందుల అవశేషాలు ఎక్కువగా ద్రవంలోనే ఉండిపోవడం ఒక్కటే ఇక్కడ లాభం. ఏ రియాక్టరూ వద్దనుకుంటే, మూతపెట్టిన డ్రమ్ములో 20 డిగ్రీలకు తగ్గకుండా ఆరు నెలలు నిల్వ ఉంచి అన్ని పంటలకూ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతాయి. కానీ అంత బరువును పొలందాకా మోసేదెవరు?

అందుకే ఎంజైమ్‌ను ఆపే దారి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు నీళ్లక్కర్లేని మూత్రశాలల్లో దీన్ని వాడారు. తాజా మూత్రానికి లీటరుకు 10 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే నీళ్లు చల్లి విరిపించిన సున్నం, కలుపుతారు. పీహెచ్ 12.5 దగ్గర నిలుస్తుంది, యూరియేజ్ మూలన పడుతుంది. భాస్వరం కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగుకు చేరుతుంది, యూరియా పైద్రవంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. నీటిని ఆవిరి చేసి బరువు తగ్గించుకోవచ్చు. అయితే 40 డిగ్రీలు దాటిస్తే ఎంజైమ్ లేకుండానే యూరియా విరగడం మొదలవుతుంది. మన ఎండల్లో ఇది గుర్తుంచుకోవాలి. చాలాకాలం మూతి తెరిచి ఉన్న సంచిలోని సున్నం కొనకండి, గాలి తగిలి సుద్దగా మారిపోయి ఉంటుంది. పీహెచ్ మీటరు లేనివాళ్లు తొట్టె అడుగున కరగని సున్నం మిగిలి ఉందో లేదో చూస్తూ ఉండాలి. కనబడకపోతే వాసన రాకముందే మరికాస్త వెయ్యాలి.