కంచు విగ్రహానికి ఉప్పుగాలి

సభకు నమస్కారం. నెల్లూరు, ఒంగోలు తీరంలో అమర పోలీసులకు స్మారకం, కంచు విగ్రహం కట్టించబోయేవాళ్లకు నాలుగు మాటలు చెబుతాను.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసులు 10 మంది చనిపోయారు. ఏటా అదే తేదీన పరేడ్ మైదానాల్లో, నిరుడు సెప్టెంబరు 1 నుంచి ఈ ఏడాది ఆగస్టు 31 దాకా విధుల్లో ప్రాణాలు విడిచినవారి పేర్లు చదువుతారు. ఆ జాబితా ఏటా పెరిగేదే. అందుకే స్మారకానికి నక్షా గీసే రోజునే ఖాళీ పలకలకు చోటు వదలండి. పేర్లు రంగుతో రాయిస్తే నాలుగు వానలకు పోతాయి, రాతిలో చెక్కించండి. తెలుగులో వత్తులు ఇరుకు. అక్షరం చిన్నదైతే ఉలి జారి 'క్క' కాస్తా ముద్దయి కూర్చుంటుంది.

ఇక కంచు. 85 పాళ్లు రాగి, తగరం, జింకు, సీసం తలా 5 పాళ్లు ఉండే గన్‌మెటల్ పోతకు అనువైనది. జింకు బాగా పెరిగితే అది ఇత్తడే. ఉప్పుగాలికి జింకు ముందు కరిగిపోయి, మిగిలిన రాగి గుల్లబారుతుంది. బిల్లు కట్టేముందు లోహ పరీక్ష కాగితం అడగండి. ఫైబర్ మీద కంచు రంగు కొట్టి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. వేలి కణుపుతో కొడితే తెలిసిపోతుంది, కంచు ఖంగుమంటుంది.

విగ్రహాన్ని లోపల బోలుగా పోస్తారు. మైనంతో నమూనా చేసి, చుట్టూ మూస కట్టి, మైనం కరిగించిన ఖాళీలో కంచు పోస్తారు. 7 అడుగుల నిలువు విగ్రహం గోడ మందం 5, 6 మిల్లీమీటర్లు. అటూ ఇటూగా 200 కిలోలు తూగుతుంది. మైనం నమూనా కిలో తూగితే కంచు 10 కిలోలకు కాస్త తక్కువ పడుతుందని లెక్క వేసుకోవచ్చు, కరుగు పోసే కాలువలకు పోయేది వేరే. మందం అంతటా ఒకేలా లేకపోతే పలచటి చోటు ముందు గట్టిపడి, మందపు చోట బీటో గుల్లో వస్తుంది. తుపాకీ పట్టిన చేతి దగ్గర ఇదే బెడద. మూసలో తడి మిగిలితే ఇంకా ప్రమాదం. 1100 డిగ్రీలు దాటిన కరుగు తగలగానే ఆవిరి చిమ్ముతుంది, మనుషులు కాలతారు. అందుకే మూసను 600 డిగ్రీలకు పైన ఒకటి రెండు రోజులు కాల్చి, మైనం జాడ లేకుండా చేస్తారు.

యూనిఫాం విషయంలో శిల్పిని ఒక్కణ్నే నమ్ముకోవద్దు. మట్టి నమూనా దశలోనే బెల్టు, భుజం గుర్తులు, టోపీ బ్యాడ్జీ ఒక పోలీసు అధికారి చేత చూపించండి. పోత పోశాక దిద్దడం ఖరీదు.

పోతకోసం లోపల పెట్టిన ఇనుప చువ్వలను తీయకుండా వదిలేయడమే పెద్ద తప్పు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కంచును చీలుస్తుంది, గోధుమరంగు చారలు కారుతాయి. చీలమండల గుండా దిమ్మెలోకి దిగే కడ్డీలు ఉప్పుకు బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. పాదాల దగ్గర నీరు కారే రంధ్రాలు పెట్టండి. నెల్లూరు వైపు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకుని లెక్క కట్టించాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలైతే, ఉబ్బి కుంగే పొర దాటి పునాది దింపాలి. దిమ్మెకు మన చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి ఉండగా వేరే ఎందుకు? కంచు నుంచి కారే పచ్చ మరక తెల్లరాతి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఈ నల్లరాతి మీద కలిసిపోతుంది. అందులో మెరిసే బంగారు చుక్కల ఖనిజం పేరు బ్రాంజైట్, కంచులాంటి (బ్రాంజ్) మెరుపును బట్టి వచ్చిన పేరే అది.

తీరపు గాలిలోని ఉప్పు తేమతో కలిస్తే లేత ఆకుపచ్చ పొడి పుడుతుంది. తుడిచినా మళ్లీ వస్తుంది, గోటితో గీకితే కింద గుంట ఉంటుంది. అది జబ్బు. నల్లగా, గట్టిగా అంటుకున్న పొర మాత్రం విగ్రహానికి కవచం. చింతపండుతో తోమి దాన్ని ఊడగొట్టకండి. పాలాభిషేకం వద్దు. తడి దండలు మెడలో రోజుల తరబడి ఉంచొద్దు, పుష్పగుచ్ఛాలకు కింద రాతి అరుగు కట్టండి. బంగారు రంగు పెయింటు అసలే వద్దు, దాని కింద చేరిన తడి బయటికి రాదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి సెప్టెంబరులో నిచ్చెన వేసి మంచినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగండి. ఎండకు లోహం వెచ్చబడి పూర్తిగా ఆరాక మైనం పలచగా పట్టించి గుడ్డతో మెరుగు పెట్టండి. టోపీ అంచు కింద, బెల్టు మడతల్లో, మోకాలి వెనక చెయ్యి పెట్టి చూడండి. ఉప్పు దాక్కునేది అక్కడే.