ఎవరు ఎటు కూర్చున్నారు?

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ఆస్ట్రేలియా పార్లమెంటు సంగతులంటే కునుకు వస్తుందని తెలుసు. అందుకే ముందు ఒక నంబరు చెప్పేస్తాను: సెక్షన్ 42.

ఇది ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్, అంటే ఇక్కడి సరిహద్దు రక్షణ సంస్థ, చట్టంలోది. 2015 జులై 1న అమల్లోకి వచ్చింది. పసిఫిక్‌లోని నౌరు, మనుస్ దీవుల్లో శరణార్థులను ఉంచిన నిర్బంధ శిబిరాల్లో పనిచేసే డాక్టరైనా, టీచరైనా, కాపలా మనిషైనా అక్కడి విషయాలు అనుమతి లేకుండా బయటపెడితే రెండేళ్ల దాకా జైలు అని అప్పుడు అందులో రాశారు. ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్ర ముప్పుంటే చెప్పొచ్చన్న మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. కానీ నైట్ డ్యూటీలో ఉన్న నర్సు, ఎదురుగా తిండి మానేసిన పిల్లవాణ్ణి చూస్తూ, ఇది ‘తీవ్రం’ కిందికి వస్తుందా రాదా అని ఎలా తేల్చుకోవాలి? లెక్క తప్పితే జైలుకెళ్లేది ఆమే. చట్టం అమల్లోకి వచ్చిన రోజునే 40 మందికి పైగా డాక్టర్లు, నర్సులు, టీచర్లు, ఇతర సిబ్బంది బహిరంగ లేఖ రాశారు. మేం మాట్లాడుతూనే ఉంటాం, కావాలంటే కేసు పెట్టుకోండి అన్నారు.

మరి దీనికి ఓటేసిందెవరు? బిల్లు తెచ్చింది లిబరల్-నేషనల్ ప్రభుత్వం. అప్పటి ప్రతిపక్ష లేబర్ సరేనంది. గ్రీన్స్ పార్టీ వాళ్లు వద్దన్నారు.

ఇక్కడ రికార్డు చదవడం తెలియాలి. మనం మూజువాణి ఓటు అంటామే, అలా తేలిపోతే పేర్లు మిగలవు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మన రాష్ట్ర విభజన బిల్లు అలాగే గట్టెక్కింది, గుర్తుంది కదా. ఇక్కడ డివిజన్, అంటే పేర్లవారీగా ఓట్ల లెక్కింపు, అడిగితే నాలుగు నిమిషాలు గంటలు మోగుతాయి, తలుపులకు తాళం పడుతుంది. ఔనన్నవాళ్లు స్పీకర్‌కు కుడివైపు, కాదన్నవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. ఆ పేర్లే సభ అధికారిక రికార్డు హన్సార్డ్‌లోకి ఎక్కుతాయి. ఎగువ సభ సెనేట్‌లో ఇంకో చిక్కుంది. అటు ఒకరు రాలేకపోతే ఇటు ఒకరు ఓటు మానుకుంటారు, పెయిర్ అంటారు. కాబట్టి పేరు లేనంత మాత్రాన ఎగ్గొట్టాడని అనుకోవద్దు.

పార్టీ చెప్పింది, ఏం చేస్తాం అనే మాటా వింటుంటాం. మన దేశంలో విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఇక్కడ లేబర్ ఎంపీకి పార్టీ పోవచ్చేమో గానీ సీటు పోదు. అందుకే ఆ సాకు నాకంతగా ఎక్కదు.

2016లో ఆ సెక్షన్‌పై డాక్టర్లు హైకోర్టుకు వెళ్లారు. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. కేసు నడుస్తుండగానే, ఆ సెప్టెంబరు 30న ప్రభుత్వం వైద్య సిబ్బందిని ఆ నిబంధన నుంచి తప్పించింది. టీచర్లను తప్పించలేదు. 2017లో పార్లమెంటే చట్టాన్ని సవరించి, ఏ సమాచారం రహస్యమో బాగా కుదించింది. అదీ 2015 జులై 1 నుంచే వర్తించేలా. దీన్ని మనసు మార్చుకోవడం అని నేననను, కోర్టు గుమ్మం దాకా వెళ్లాక వచ్చిన మార్పిది.

మీ ఎంపీ ఆఫీసుకు వెళ్తే 2017 సంగతి వాళ్లే చెబుతారు. 2015 సంగతి మీరే అడగాలి.