వలస వెళ్లాక సోకుతున్న హెచ్‌ఐవీ: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఐరోపా దేశాల్లో ఈ మధ్య కొత్తగా బయటపడుతున్న హెచ్‌ఐవీ కేసుల్లో దాదాపు సగం వేరే దేశాల్లో పుట్టినవాళ్లవే. ఆ అంకె చూడగానే 'వాళ్లే మోసుకొస్తున్నారు' అనేస్తారు చాలామంది. నిజమేనా సార్?

పరిశోధకుడు: అంకె నిజమేనండీ, దానికి చెబుతున్న అర్థమే తప్పు. ఆ లెక్క హెచ్‌ఐవీ ఎక్కడ బయటపడిందో చెబుతుంది, ఎక్కడ సోకిందో చెప్పదు. 2022లో ఉక్రెయిన్ వదిలి వచ్చినవాళ్లలో కొందరు అప్పటికే మందులు వాడుతున్నారు. అయినా కొన్ని దేశాల రిజిస్టర్లలో వాళ్లు కొత్త కేసులుగా ఎక్కారు.

యాంకర్: మరి ఎక్కడ సోకిందో ఎలా తెలుస్తుంది?

పరిశోధకుడు: ఫ్రాన్స్‌లో పార్కూర్ అని ఒక అధ్యయనం జరిగింది. 2012, 2013లో, సహారా దిగువ ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి పారిస్ ప్రాంతంలో ఉంటున్నవాళ్ల మీద చేశారు. మందులు వాడకపోతే, ఒంట్లో రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్లరక్త కణాలు ఏటా తగ్గుతూ పోతాయి. వచ్చి పదేళ్లయిన మనిషికి ఆ కణాలు ఇంకా బాగానే ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ పాతది కాకపోవచ్చు. వచ్చాక పరీక్షలో ఒకసారి నెగెటివ్ వచ్చి, తర్వాత పాజిటివ్ అయిన మనిషి విషయంలో ఇక దాదాపు అనుమానం లేదు. ఇలా లెక్క కడితే, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 35 నుంచి 49 శాతం మందికి ఫ్రాన్స్‌లో ఉండగానే సోకిందని తేలింది. తొమ్మిది ఐరోపా దేశాల్లో చేసిన మరో అధ్యయనంలో, వలస తర్వాతే సోకినవాళ్లు 63 శాతం. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో అది ఇంకా ఎక్కువ.

యాంకర్: వచ్చాక ఎందుకు సోకుతోంది మేడమ్?

కౌన్సిలర్: కాళ్ల కింద నేల లేకపోవడం వల్ల. నివాస అనుమతి, ఉండటానికి సొంత చోటు, పని... ఈ మూడూ కుదరడానికి చాలామందికి ఆరేడేళ్లు పడుతోందని కూడా ఆ పార్కూర్ అధ్యయనమే చూపించింది. అన్నాళ్లూ ఎలా బతకాలి? ఒకరి ఇంట్లో తలదాచుకున్న స్త్రీ కండోమ్ మాట ఎత్తితే ఆ రాత్రే బయటికి పొమ్మంటారేమోనని నోరు మూసుకుంటుంది. బలవంతాన్ని కూడా భరిస్తుంది. అనుమతి పత్రం లేనివాళ్లు పోలీసుల దగ్గరికి ఎలా వెళ్తారు చెప్పండి? దీన్ని అలవాట్ల సమస్య అంటుంటే నాకు బాధేస్తుంది. ఆమెకు తాళం వేసుకోగలిగే గది ఒకటి దొరికితే సగం ప్రమాదం తప్పుతుంది.

యాంకర్: పరీక్షకైనా వస్తున్నారా?

కౌన్సిలర్: వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదండీ. "ఈ రిజల్ట్ వీసా ఆఫీసుకి వెళ్తుందా?" అంటారు. ఊరికే పుట్టిన భయం కాదది. అమెరికా 1987 నుంచి 2010 జనవరి దాకా హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులను రానివ్వలేదు. 2019 నాటికి కూడా 48 దేశాలు, ప్రాంతాల్లో ఏదో ఒక ఆంక్ష ఉందని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కతేల్చింది. ఇంకో చిక్కు దుబాసీతో. మాట తర్జుమా చేయడానికి వచ్చిన మనిషి తమవాళ్లలోనే తెలిసిన ముఖమైతే, అప్పటిదాకా మాట్లాడినవాళ్లు టక్కున ఆగిపోతారు. అన్నిటికీ తల అడ్డంగా ఊపి లేచి వెళ్లిపోతారు. పేరు చెప్పకుండా ఫోన్‌లో మాట్లాడే దుబాసీని పెడితే మళ్లీ నోరు విప్పుతారు.

వైద్యురాలు: ఆ భయానికి మూల్యం మా దగ్గర కనబడుతుంది. సీడీ4 కణాలు ఘన మిల్లీమీటరు రక్తానికి 350 కంటే దిగువకు పడ్డాక, ఒక్కోసారి 200 కూడా లేని దశలో వస్తారు. ముందే వచ్చి మందులు మొదలుపెడితే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గినంతకాలం లైంగికంగా ఇంకొకరికి సోకదు. అందుకే కాగితాలు చూసి మందులివ్వడం ఎవరికీ మేలు చేయదంటాను. ఇంగ్లండ్‌లో 2012 అక్టోబరు నుంచి వలస హోదాతో పని లేకుండా హెచ్‌ఐవీ చికిత్స ఉచితం. స్పెయిన్ అదే ఏడాది కాగితాలు లేనివాళ్లకు వైద్యం బాగా కుదించేసి, 2018లో మళ్లీ తెరిచింది.

యాంకర్: వచ్చిన కొత్తలో ఒక్కసారి పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

వైద్యురాలు: సరిపోదు. ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా వచ్చాక సోకడం గురించే కదా. ల్యాబ్‌లో చేసే కొత్త తరం రక్తపరీక్షకైనా, సోకిన రోజు నుంచి 45 రోజుల దాకా దొరకకపోవచ్చు. కాబట్టి విమానాశ్రయం దగ్గర ఒకసారి చేసి వదిలేయకూడదు. గర్భిణిగా వచ్చినా, క్షయతో వచ్చినా, మామూలు జ్వరంతో వచ్చినా పరీక్ష చేయించుకుంటారా అని అడగాలి. వద్దంటే వదిలేసి, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడగాలి.